ననే మాట మానేసిన ఏడాది

ప్రొద్దుటూరులో ఫారసీ మాట్లాడే ఇండ్లు ఉన్నాయని ఆ పాప మా దగ్గరికి వచ్చేదాకా నాకు తెలియదు. బస్టాండు దగ్గర, బంగారు అంగళ్ళ వీధి మొదట్లో కళ్ళద్దాలూ రంగురాళ్ళూ అమ్ముకునే మనుషుల్ని చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. జమ్మలమడుగులో మా వీధికి కూడా వచ్చేవాళ్ళు. ఇరానీవాళ్ళు అనుకునేవాళ్ళం, అంతే. సాయంత్రం ఇంటికి పోయి వాళ్ళు ఏ భాషలో బువ్వ పెట్టమంటారో మేమెవరమూ ఆలోచించలేదు.

నా పని పిల్లల మాట చూడడం. వయసుకు తగినట్టు మాట రాని పిల్లల్ని తల్లిదండ్రులు తీసుకొస్తారు. వినికిడి ఎట్లుంది, చెప్పింది ఎంత అర్థమవుతాంది, తనంతట తాను ఏం అనగలుగుతాంది, ఇవన్నీ చూసి, చేయగలిగింది చేస్తాను. వారంలో కొన్ని రోజులు ప్రొద్దుటూరులో, కొన్ని రోజులు పులివెందులలో కూర్చుంటాను. ఇల్లు జమ్మలమడుగు. కాబట్టి నా బతుకులో సగం బస్సుల్లోనే గడుస్తుంది.

మొదటి రోజు పాపతో తండ్రీ, తండ్రి తల్లీ వచ్చినారు. పాపకు నాలుగేండ్లు దాటినాయి. అంగన్‌వాడీ టీచరమ్మ పంపించిందంట, పిల్ల ఉలకదు పలకదు, చెవుడేమో చూపించుకోండని. పెద్దామె నల్ల చాదర్ కప్పుకుని, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నన్ను పైనుంచి కిందికి పరీక్షగా చూసింది. ఇంట్లో అందరూ ఆమెను ననే అంటారు. వాళ్ళ మాటలో అమ్మ అని అర్థం. కొన్నాళ్ళకు నేనూ అట్లే పిలిచినాను.

పాపకు వినికిడి బాగానే ఉంది. బొమ్మలు ముందర పెట్టి తెలుగులో అడిగితే మాత్రం నా చేతి గాజుల వైపు చూస్తూ కూర్చుంది. కుక్క ఏది అంటే గాజులు, ఆవు ఏది అంటే గాజులు. అప్పుడు ననే పాప చెవి దగ్గరికి వంగి మెల్లగా ఏదో అనింది. పాప ఒళ్ళోనుంచి దిగి, బంతి తీసి డబ్బాలో వేసింది. ననే ఇంకేదో అనింది. పాప చెంచా తీసుకుపోయి వాళ్ళ నాయన చేతిలో పెట్టింది.

తండ్రి మొహం వెలిగిపోయింది. "చూసినారా మేడం! నా బిడ్డకు ఏం లోపం లేదు. తెలుగు రాదు, అంతే. మేము ఇంట్లో మా మాటే మాట్లాడుకుంటాం. మా ముత్తాత గుర్రాలు అమ్మేదానికి వచ్చి ఈడ నిలబడిపోయినాడంట. అప్పటినుంచీ ఇంట్లో ఫారసీనే."

నేనూ అదే కోరుకున్నాను. దానికి నా కారణం నాకుంది. నేను చదువుకున్న చోట, కోస్తా నుంచి వచ్చిన నా క్లాసు పిల్లలు నేను యాడ అన్నా ఏంది అన్నా నవ్వేవాళ్ళు. మాకిచ్చిన పరీక్ష బొమ్మల కింద అచ్చయిన మాటలూ వాళ్ళవే. పులివెందులలో ఒక పిల్లోడు బొమ్మ చూసి టక్కున శెనక్కాయలు అంటే, కాగితం మీద వేరుశనగలు అని ఉంటుంది. కాగితాన్ని నమ్మితే వానికి మార్కు పోతుంది. అందుకే పిల్ల దగ్గర మాట లేదు అని రాసేముందు, నేను అడిగిన తీరు సరైందేనా అని నన్ను నేను ప్రశ్నించుకోవడం అలవాటు చేసుకున్నాను. ఈ పాపను తెలుగులో అడగడం, నన్నెవరో ఫారసీలో అడగడం లాంటిదే. వాళ్ళ మాటలోనే చూడాలనుకున్నాను.

కానీ ఎట్ల చూడాలి? ఇరాన్‌లో పిల్లల కోసం తయారు చేసుకున్న బొమ్మలూ మాటలూ కొన్ని సంపాదించినాను. పాప తల్లి గుంతకల్లు నుంచి వచ్చిన కోడలు, తెలుగూ బాగా వచ్చు. ఆమె ఆ మాటలు చదువుతా ఉంటే ననే పడీపడీ నవ్వింది. "అది చదువుకున్నోళ్ళ మాటంట, మా ఇండ్లల్లో ఎవురూ అట్ల అనరంట" అని కోడలు చెప్పింది. తరతరాలుగా ఈ ఎండలో ఉండి ఆ ఫారసీ కూడా మా తెలుగు మాదిరే దాని దారిన అది పోయింది. మధ్యలో ఉర్దూ కలిసింది, కన్నడం కలిసింది, ప్రొద్దుటూరు తెలుగూ కలిసింది. బజారు, దుకాణం, గులాబీ, ఇవి వాళ్ళవో మావో విడదీయడం నావల్ల కాలేదు.

కాగితాలు పక్కన పెట్టేసి వాళ్ళింటికి పోవడం మొదలుపెట్టినాను. ప్రొద్దుటూరు పని అయిపోయినాక, జమ్మలమడుగు బస్సు ఎక్కేముందు, కొన్ని వారాలపాటు. పాప మేనత్త పిల్లలు అదే వీధిలో ఉండేవాళ్ళు, అదే వయసువాళ్ళు. అందర్నీ చాప మీద కూర్చోబెట్టి, ముందర గిన్నెలూ బొమ్మలూ పెట్టి, ఫోనులో మాటలు పట్టుకునేదాన్ని. తర్వాత కోడలు ఒక్కొక్క మాటా నాకు విప్పి చెప్పేది. వాళ్ళ ఫారసీలోనూ మన మాదిరే క్రియ చివర వస్తుంది, పోతాను పోతావు పోతాడు అని తోక మారుతుంది. మేనత్త పిల్లలు ఆ తోకల్ని ఎప్పుడో పట్టేసినారు. నేను పోతా, నువ్వు రావద్దు, నాయన అంగడికి పోయి రాలేదు అని కొట్లాడుకునేవాళ్ళు. పాప మాత్రం దేనికైనా 'రఫ్త్' అనేది. పోయింది అని. బంతి దొర్లినా రఫ్త్, గిన్నె ఖాళీ అయినా రఫ్త్, తనను బయటికి తీసుకుపొమ్మని అడగాలన్నా రఫ్త్. నీళ్ళకు ఆబ్, రొట్టెకు నాన్, ఇంకా కొన్ని. అక్కడితో ఆగిపోయేది.

ఒక్కటి మాత్రం ఉండేది. ననే పాప అరచేతిలో వేలితో గుండ్రంగా తిప్పుతూ ఏదో చెప్పేది. ఒక్కొక్క వేలూ ముడుస్తూ, చిటికెన వేలు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, ఆఖరి మాట అనకుండా ఆగేది. పాప ననే నోటివైపే చూస్తూ ఊపిరి బిగబట్టి, ఆ మాట తను అనేసి, కిలకిలా నవ్వేది. పిట్ట ఎగిరిపోయింది అనే అర్థమంట. ఆ ఇంట్లో పాప గొంతు అంత గట్టిగా వినపడింది ఆ ఆటలోనే.

చివరికి చెప్పాల్సిన రోజు వచ్చింది. ఇంట్లోనే, చాప మీదే కూర్చుని చెప్పినాను. "తెలుగు రాకపోవడం ఒక్కటే కాదప్పా. మీ మాట కూడా ఈ పాపకు రావాల్సినంత రాలేదు. మాట నేర్చుకోవడమే దీనికి కష్టంగా ఉంది. ఏ భాషైనా కష్టమే. మెల్లగా వస్తుంది, మనం కూర్చుని నేర్పియ్యాల. అందరు పిల్లల మాదిరి వస్తుందని మాత్రం నేను మాటియ్యలేను."

కోడలు మెల్లగా ననేకు చెప్పింది. ననే మొహంలో ఏమీ కదల్లేదు. పాప జుట్టులో వేళ్ళు పెట్టి చిక్కు తీస్తూనే ఉంది.

"మేము ముందే ఒక పెద్దూళ్ళో డాక్టరుకు చూపించినాం మేడం" అన్నాడు తండ్రి. "ఆయప్ప అప్పుడే చెప్పినాడు. ఇంట్లో ఒక మాట, బయట ఒక మాట ఉంటే బిడ్డ బుర్ర గందరగోళం అయిపోతుంది, ఒకటే మాట్లాడండి అని. మేం వినలేదు."

"రెండు భాషలవల్ల ఇట్ల కాదు. మీ మేనకోడండ్లను చూడండి, ఫారసీ మాట్లాడతాండారు, అంగన్‌వాడీలో తెలుగు మాట్లాడతాండారు, వాళ్ళకేమైంది? ఇంటి మాట ఆపొద్దు. పాప దగ్గరున్న ఆ కాస్త మాటా దాంట్లోనే ఉంది."

"వాళ్ళకు శక్తి ఉంది, రెండు నేర్చుకున్నారు. నా బిడ్డకు ఒకటి నేర్చుకునే శక్తే తక్కువని మీరే చెప్తాండారు కదా. ఆ ఒకటి ఈడ పనికొచ్చేది కావాల. ఈడ బతకాల మేడం." తర్వాత గొంతు తగ్గించి చెప్పినాడు. "నేను బడికి పోయినప్పుడు నాకు తెలుగు ముక్క రాదు. ఒంటికి పోవాలని అడిగేదానికి మాట రాక బెంచీ మీదే కూర్చునేవాణ్ణి. పిల్లోల్లు ఏం పేరు పెట్టినారో మీకు చెప్పలేను. అందుకే బడి మానేసినా. నా బిడ్డకు అది వద్దు."

ఆ బెంచీ ముందర నా చదువు పనికిరాలేదు. మళ్ళీ మళ్ళీ చెప్పినాను, ఆ రోజూ, తర్వాతా. ఆయన తల ఊపినాడు గానీ మనసు మార్చుకోలేదు. మరుసటి రోజు నుంచి ఆ ఇంట్లో పాప ముందర తెలుగే.

తండ్రికి తెలుగు వచ్చు, కోడలికి వచ్చు. ననేకు రాదు. కూరగాయల బేరానికి సరిపోయే నాలుగు ముక్కలు, పక్కింటివాళ్ళతో ఉర్దూ. అంతే ఆమె దగ్గర ఉన్నది.

తర్వాతి వారం పోయినప్పుడు ననే గోడకు ఆనుకుని కూర్చుని బియ్యం ఏరుతాంది. పాప పరిగెత్తుకుంటూ పోయి ఒళ్ళో పడింది. ననే చాదర్ అంచు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. తుమ్ము వచ్చి పెట్టుకుందేమో అనుకున్నాను. కానీ తీయలేదు. పాప ఉన్నంతసేపూ అట్లే ఉంది. పాప అంచు లాగి గడ్డం పట్టుకుని, పెదాల మీద వేలు పెట్టి కిందికి లాగింది. నోరు తెరువు అన్నట్టు. ననే దాని వేలు ముద్దు పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

అరచేతి ఆట మాత్రం మానలేదు. గుండ్రంగా తిప్పేది, వేళ్ళు ముడిచేది, చిటికెన వేలు దగ్గర ఆగేది. మాట లేదు. పాప నోటివైపే చూస్తూ ఎదురుచూసేది. కొన్నాళ్ళు ఆ ఆఖరి మాట తనే మెల్లగా అనింది. కొన్నాళ్ళకు ఊరికే చూసేది. ఇంకొన్నాళ్ళకు చెయ్యి వెనక్కి తీసుకుని ఆడుకునేదానికి పోయేది.

ఒకరోజు కోడలు వంటింట్లో ఉన్నప్పుడు ననే పక్కన కూర్చుని, నాకు వచ్చిన ఉర్దూలో చెప్పినాను. మీ మాటవల్ల బిడ్డకు నష్టం లేదు, మాట్లాడండి ననే, అని. ఆమె ఏరుతున్న బియ్యం చాటలో వదిలిపెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఉర్దూలో, మధ్యమధ్య తన మాటలు కలుపుతూ, నాకు అర్థం కావాలని నిదానంగా చెప్పింది. నా కొడుకు పుట్టినప్పటినుంచీ నన్ను ఏదీ అడగలేదు. కొత్త గుడ్డలు అడగలేదు, బడి మానేసిననాడు తిట్టినా ఎదురు మాట్లాడలేదు. ఇది ఒక్కటే అడిగినాడు. అమ్మా, నా బిడ్డ దగ్గర మాట్లాడొద్దు అని ఏడ్చినాడు. నేనెట్ల కాదంటాను?

నా దగ్గర ఉన్నది చదువు. ఆమె దగ్గర ఉన్నది కొడుకు ఏడుపు.

ఈలోగా పాపకు మాట రావడం మొదలైంది. వారం వారం నేను కూర్చుని నేర్పించినాను, కోడలు ఇంట్లో ఓపికగా చేసింది, అంగన్‌వాడీ టీచరమ్మ కూడా కష్టపడింది. నీళ్ళు అనింది. రా అనింది. ఒకరోజు, అమ్మ రా, అని రెండు మాటలు కలిపింది. తండ్రి ఆ సాయంత్రం మిఠాయి పొట్లం తీసుకుని పరిగెత్తుకుంటూ వచ్చినాడు. "చూసినారా మేడం, ఒక్క మాటే ఉంటే ఎట్ల వస్తాందో!" ఆయన సంతోషం చూసి నాకూ సంతోషం వేసింది. అది ఫారసీ ఆపినందుకు వచ్చింది కాదు, ఆపకపోయినా వచ్చేది అని ఆ నిమిషంలో అనలేకపోయినాను. ఎప్పుడూ చెప్తూ ఉన్నదే కదా. మిఠాయి నోట్లో వేసుకున్నాను. ఆయన వెనకాల, మెట్ల కింద, ననే నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వుతాంది. తను మాట మానేయడంవల్లనే మనవరాలికి మాట వచ్చిందని ఆమె నమ్మింది. ఆ నమ్మకం తీసేస్తే ఆమెకు ఏం మిగిలేది అని ఇప్పుడు కూడా అనుకుంటాను.

ఆ ఎండాకాలం ననేకు ఊపిరి ఆడకపోవడం మొదలైంది. ముందు ప్రొద్దుటూరులోనే ఆసుపత్రిలో చేర్చినారు. పులివెందుల నుంచి తిరిగొస్తూ ఒక మధ్యాహ్నం చూడ్డానికి పోయినాను. దారిలో ఒక తోట దగ్గర చీనీకాయలు, అదే బత్తాయిలు, కొనుక్కున్నాను, అవి తినే స్థితిలో ఆమె లేదని అక్కడికి పోయినాక తెలిసింది. జ్వరం ఎక్కువగా ఉంది. మనుషుల్ని గుర్తుపడతాంది, కానీ నోటికి అడ్డం పెట్టుకోవాలన్న సంగతి మర్చిపోయింది. ఆపకుండా మాట్లాడతాంది. ఏడాది పాటు మింగినదంతా ఒక్కసారిగా బయటికి వస్తున్నట్టు ఉండింది.

"ఏమంటాంది?" అని కోడల్ని అడిగినాను.

"ఏవేవో. వాళ్ళమ్మను పిలుస్తాంది. మా అత్తదీ గుంతకల్లే, ఆడ వాళ్ళ పుట్టింటి రేకుల మీద వాన పడతాంది, బట్టలు తీయండి అంటాంది. పాప యాడ, పాప యాడ అంటాంది."

తండ్రి పోయి పాపను తీసుకొచ్చినాడు. ననే మంచం మీద లేచి కూర్చునేదానికి ప్రయత్నం చేసింది. రెండు చేతులూ చాపి, 'బియా, బియా' అనింది. రా, రా అని. ఆ ఒక్క మాట అప్పటికి నాకూ వచ్చు. తర్వాత గబగబా ఏదేదో చెప్పింది. ఆ గొంతులో అంత ముద్దు నేను అంతకుముందు వినలేదు.

పాప పోయి తల్లి వెనకాల, ఆమె చీర పట్టుకుని దాక్కుంది. ఆ గొంతును పాప ఎప్పుడో మర్చిపోయింది. జ్వరంతో ఎర్రబడిన మొహం, చాపిన చేతులు, అర్థం కాని మాటలు. భయపడి, "వొద్దు" అనింది. తెలుగులో, స్పష్టంగా.

ననేకు ఆ మాట అర్థమైందో లేదో నాకు తెలియదు. చేతులు అట్లే ఉంచింది. తండ్రి మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, పాప వైపు తిరిగి ఫారసీలో మాట్లాడినాడు. పాప ముందర అన్నాళ్ళు మాట్లాడనివాడు, రమ్మని, భయపడొద్దని, మన ననేనే అని బతిమాలినాడు. పాప ఆయన్ను కూడా కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఆ తర్వాత ఆమెను కడపకు తీసుకుపోయినారు. అక్కడే పోయింది. కోడలు ఫోన్ చేసినప్పుడు నేను ఒక పిల్లతో బొమ్మలు పెట్టుకుని కూర్చుని ఉన్నాను. ఆ పిల్లను ఇంటికి పంపించి, తలుపు దగ్గరికి వేసుకుని, అక్కడే కాసేపు కూర్చున్నాను.

దినాలు అయిపోయినాక పాపను కోడలే తీసుకొచ్చేది. తండ్రి రాలేదు. ఒకరోజు పని అయిపోయినాక కూడా కోడలు లేవలేదు. "ఒకటి అడగతా, నిజం చెప్పు అక్కా. మా అత్త మాట్లాడతా ఉండింటే పాపకు తెలుగు ఇంత వచ్చి ఉండేది కాదా?"

ఆమెకు ఏ జవాబు కావాలో నాకు తెలుసు. వచ్చేది కాదు అంటే, ముసలామె మౌనానికి ఒక ఫలితం ఉన్నట్టు అవుతుంది. ఆ ఇల్లు దాన్ని పట్టుకుని బతుకుతుంది. కానీ ఆమె నిజం చెప్పమనింది.

"ఇంతే వచ్చేదమ్మా. దీంతోపాటు మీ అత్త మాటలు కూడా కొన్ని ఉండేవి."

ఆమె ఏడ్చింది. పాప బొమ్మలు వదిలేసి వచ్చి, తల్లి మొహం తుడిచి, "అమ్మ నువ్వు ఏడవొద్దు" అనింది. ఎన్నో నెలలుగా మేము కష్టపడి నేర్పించిన మూడు మాటల వాక్యం అది. మేమిద్దరం దాన్ని గమనించినాం.

"మా ఆయనకు ఇది చెప్పొద్దు అక్కా" అని లేచి పోయింది. నేను చెప్పలేదు. ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు కూడా.

పాప ఇప్పుడు బడికి పోతాంది. తోటి పిల్లలంత గబగబా మాట్లాడలేదు, పెద్ద వాక్యమైతే మధ్యలో తప్పిపోతుంది, కానీ తనకు కావాల్సింది అడగగలుగుతుంది. తండ్రి భయపడిన ఆ బెంచీ దానికి తప్పింది. అది చిన్న సంగతి కాదు. ఫారసీ ఒక్క ముక్క రాదు. మేనత్త పిల్లలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటా ఉంటే పక్కన కూర్చుని వింటుందంట, ఎవరైనా తెలుగులోకి తిరిగితే నవ్వుతుందంట.

మొన్నొక రోజు పులివెందుల బస్సు కోసం ప్రొద్దుటూరు బస్టాండులో నిలబడితే ఆ తండ్రి కనపడినాడు. కళ్ళద్దాల స్టాండు పక్కన, బడి సెలవు కాబట్టి పాప కూడా స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి సిగ్గుపడి, తర్వాత నాయన జేబులోనుంచి ఫోను లాక్కుని నాకు ఫోటోలు చూపించడం మొదలుపెట్టింది. అమ్మ. నాయన. మేక. ఒక ఫోటోలో నల్ల చాదర్, గోడ, ముందర బియ్యం చాట.

"ఇది ఎవరు?" అన్నాను.

"జేజి" అనింది. నాయనమ్మను జేజి అనడం బళ్ళో నేర్చుకుని ఉంటుంది. తర్వాత నాకు తెలియని సంగతి చెప్తున్నట్టు, జాలిగా చెప్పింది. "మా జేజికి మాటలు రావు."

తండ్రి చేతిలో ఎవరిదో కళ్ళద్దం ఉంది. గుడ్డతో తుడుస్తున్నవాడు ఆగిపోయినాడు. "వచ్చుమ్మా" అన్నాడు. "శానా మాట్లాడేది మీ జేజి."

పాప నమ్మలేదు. "ఏం మాట్లాడేది?"

ఆయన నోరు తెరిచినాడు. ఏదో ఒక మాట నోటిదాకా వచ్చినట్టే ఉంది. ఆ మాట ఫారసీలో అంటే బిడ్డకు అర్థం కాదు, తెలుగులో అంటే అది వాళ్ళమ్మ అన్న మాట కాదు. కాసేపు పాప మొహం, నా మొహం చూసి, తల వంచుకుని మళ్ళీ అద్దం తుడవడం మొదలుపెట్టినాడు. బస్సు వచ్చింది. పాప నాకు చెయ్యి ఊపింది.